అంతర్జాతీయ హోటల్ చైన్‌లో దేశం మారే ఉద్యోగి పాత సర్వీసు ఏమవుతుంది?

ప్రశ్న: సాగరతీరం (విశాఖపట్నం)

నేను విశాఖపట్నంలోని ఒక అంతర్జాతీయ బ్రాండ్ హోటల్‌లో మానవ వనరుల విభాగం చూస్తున్నాను. భవనం, లైసెన్సులు, జీతాల ఖాతా అన్నీ స్థానిక యజమాని కంపెనీవి. పేరు, పని పద్ధతులు, జనరల్ మేనేజర్ నియామకం మాత్రం విదేశీ చైన్ చేతిలో ఉంటాయి. ఇంతకాలం నా పని ఈ ఒక్క హోటల్‌కే పరిమితం కాబట్టి ఈ ఏర్పాటు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఇటీవల చైన్ ప్రాంతీయ కార్యాలయం మన దేశానికీ, గల్ఫ్‌కూ, మాల్దీవులకూ మధ్య సిబ్బంది రాకపోకలను సమన్వయం చేసే బృందంలో నన్ను కూడా చేర్చింది. ఈ పనిలో దిగిన తరవాత, రోజూ వాడే మాటలకు కూడా ఒక్కో దేశంలో ఒక్కో చట్టం వర్తిస్తుందని అర్థమవుతోంది.

ప్రస్తుతం నా ముందున్న విషయం ఇది. మా వంటశాలలో చెఫ్ ద పార్టీగా (ఒక విభాగం బాధ్యత చూసే చెఫ్‌గా) పనిచేస్తున్న ఒక యువకుడు అదే బ్రాండ్‌కు చెందిన దుబాయి హోటల్‌కు ఎంపికయ్యాడు. ఇక్కడ చేరి నాలుగేళ్లు నిండాయి. ప్రాంతీయ కార్యాలయం పంపిన అభినందన లేఖలో దీన్ని అంతర్గత బదిలీగా పేర్కొన్నారు. మా యజమాని కంపెనీ మాత్రం రాజీనామా లేఖ ఇమ్మంటోంది. దుబాయి హోటల్ పంపిన ఆఫర్ లెటర్‌లో ఆరు నెలల ప్రొబేషన్ ఉంది. మూడు కాగితాలూ ముందు పెట్టుకుని అతను నన్ను అడిగిన మాటకు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను: "సార్, మరి నా నాలుగేళ్ల సర్వీసు ఎవరి లెక్కలో ఉన్నట్టు?"

దీనితో ముడిపడిన మరో సందేహం కూడా ఉంది. చైన్ ప్రధాన కార్యాలయం అన్ని దేశాలకూ ఒకే సిబ్బంది నియమావళిని పంపుతుంది. అందులో పని గంటలు, క్రమశిక్షణ చర్యలు, ఫిర్యాదుల పద్ధతి, పనితీరు మదింపు అన్నీ ఉంటాయి. వీటిలో ఏవి అక్షరాలా పాటించాలి, వేటిని స్థానిక చట్టానికీ ఆచారానికీ వదిలిపెట్టాలి అన్నది ఎలా నిర్ణయిస్తారు? ఒకే స్థాయి ఉద్యోగికి దేశాన్ని బట్టి, అంతకంటే ముఖ్యంగా అతను వచ్చిన దేశాన్ని బట్టి జీతం మారడం సమంజసమేనా? అనుభవజ్ఞులు వివరంగా రాస్తే నాతోపాటు ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికీ ఉపయోగపడుతుంది.

సమాధానం: గల్ఫ్‌హెచ్ఆర్ (దుబాయి)

సాగరతీరం గారూ, చట్టం దృష్టిలో ఆ యువకుడు ఒక ఉద్యోగం మానేసి మరో ఉద్యోగంలో చేరుతున్నాడు. విశాఖలో అతని యజమాని మీ స్థానిక కంపెనీ. దుబాయిలో అతని వీసాకూ లేబర్ కాంట్రాక్టుకూ బాధ్యత వహించేది ఇక్కడి హోటల్ యజమాని కంపెనీ. రెండు భవనాల మీదా ఒకే పేరు ఉన్నంత మాత్రాన ఆ రెండు కంపెనీల మధ్య చుట్టరికం ఏర్పడదు. చైన్ ఆ రెండింటితోనూ విడివిడిగా నిర్వహణ ఒప్పందం చేసుకుని, రాబడిలో కొంత శాతం, నిర్వహణ లాభంలో మరికొంత శాతం ఫీజుగా తీసుకుంటుంది. భారత్‌లోనూ గల్ఫ్‌లోనూ సిబ్బంది సాధారణంగా భవన యజమాని జీతాల పట్టీలోనే ఉంటారు. అమెరికాలో చైన్ నేరుగా నిర్వహించే హోటళ్లలో మాత్రం చాలాచోట్ల చైనే వారి యజమాని. అమెరికాలో కూర్చుని నియమావళి రాసేవారికి బదిలీ చాలా సులభమైన విషయంగా కనిపించడానికి ఒక కారణం ఇదేనని నేను అనుకుంటాను.

ఇప్పుడు ఆ అబ్బాయి నష్టం ఎంతో చూద్దాం. మన దేశంలో శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ హక్కు ఐదేళ్ల నిరంతర సర్వీసు తరవాతే వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో నిర్ణీత కాల ఒప్పందం మీద ఉన్నవారికి ఏడాది చాలన్నారు గాని, శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల నిబంధన అలాగే ఉంది. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున అతనికి రావలసింది ఈ రాజీనామాతో పోతుంది. ప్రావిడెంట్ ఫండ్ దుబాయికి వెంట రాదు. విదేశీ ఉద్యోగానికి వెళ్తున్నాడన్న కారణంతో వెనక్కి తీసుకునే వీలున్నా, ఐదేళ్లు నిండకముందు తీసుకుంటే పన్ను పడుతుంది కాబట్టి తొందరపడవద్దని అతనికి చెప్పండి.

ఇక్కడ దుబాయిలో పరిస్థితి వేరు. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు పూర్తయితే చాలు, సర్వీసు ముగింపు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆ పైన 30 రోజుల చొప్పున లెక్కిస్తారు. అయితే ఈ లెక్క మొత్తం జీతం మీద కాకుండా మూల వేతనం మీదే జరుగుతుంది. అందుకే ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు మొత్తం ఎన్ని దిర్హాములని చూసి సంతోషించేవారికి నేను ముందుగా మూల వేతనం గడి చూపిస్తాను. అలవెన్సులు పెంచి మూల వేతనం తగ్గించిన కాగితం చూడడానికి ఒకేలా ఉంటుంది, పదేళ్ల తరవాత మాత్రం చేతికి వచ్చే మొత్తం చాలా తక్కువ అవుతుంది.

ఆరు నెలల ప్రొబేషన్ చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి మాత్రమే, విధిగా పెట్టవలసినదేమీ కాదు. అదే బ్రాండ్ వంటశాలలో అదే పద్ధతుల మీద నాలుగేళ్లు పనిచేసిన మనిషిని మళ్లీ ఆరు నెలలు పరీక్షించవలసిన అవసరం ఏముందని దుబాయి హోటల్ మానవ వనరుల అధికారిని మీరే అడగండి. రద్దు చేయడం గాని, బాగా తగ్గించడం గాని వారి చేతిలోని పనే. నేను స్వయంగా ఇలా వచ్చినవారికి ప్రొబేషన్ తీసివేయించాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అడగకపోతే మాత్రం కంప్యూటర్‌లో ఉన్న నమూనా లేఖే అందరికీ వెళ్తుంది.

జీతాల విషయం గురించి మీరు అడిగారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. గల్ఫ్ హోటళ్లలో చాలాకాలంగా పాస్‌పోర్టును బట్టి జీతం నిర్ణయించే ఆచారం ఉంది. ఒకే రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడి ఒకే పని చేసే ఇద్దరిలో యూరప్ నుంచి వచ్చినవారికి ఒక జీతం, నేపాల్ నుంచో మన జిల్లాల నుంచో వచ్చినవారికి మరో జీతం ఉండేది. వచ్చిన దేశంలోని జీతంతో పోలిస్తే ఇది ఎక్కువే కదా అన్నది దానికి చెప్పే సమర్థన. నేను దీన్ని అంగీకరించను. స్వదేశంలో ఇల్లూ పిల్లల చదువూ నిలబెట్టుకుంటూ రెండు మూడేళ్ల కోసం వచ్చే జనరల్ మేనేజర్‌కు ప్రత్యేక అలవెన్సులు ఇవ్వడంలో అర్థం ఉంది. అక్కడే స్థిరంగా పనిచేయడానికి వచ్చిన ఉద్యోగికి మాత్రం ఆ పనికి ఎంత విలువో అంత ఇవ్వాలి, ఆ విలువకు పుట్టిన ఊరితో పని లేదు. ఇక్కడి ప్రస్తుత కార్మిక చట్టం 4వ అధికరణం జాతి, రంగు, లింగం, మతం, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధించింది. ఆచారం పూర్తిగా పోయిందని నేను అనను గాని, జీతాల శ్రేణిని పని స్థాయిని బట్టి రాసుకున్న హోటళ్లలో మనుషులు ఎక్కువకాలం నిలబడడం నేను చూస్తున్నాను.

నియమావళిలో ఏవి మారకూడదు అన్న ప్రశ్నకు నా అనుభవం ఇది. అతిథి భద్రత, ఆహార పరిశుభ్రత, లైంగిక వేధింపుల పట్ల వైఖరి, ఫిర్యాదు చేసినవారి మీద కక్ష సాధించకూడదన్న నియమం, నియామకానికి ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోకూడదన్న నియమం, ఇవి ఏ దేశంలోనైనా చైన్ మాటే నెగ్గాలి. స్థానిక చట్టం అంతకంటే కఠినంగా ఉంటే దాన్ని పాటించాలి, సడలింపుగా ఉంటే దాని చాటున దాక్కోకూడదు. పని గంటలు, సెలవులు, వేతనం, తొలగింపు పద్ధతి మాత్రం పూర్తిగా ఆ దేశపు చట్టానివే. ఇక్కడ రంజాన్ మాసంలో రోజుకు రెండు గంటల పని తగ్గించాలి. సరిగ్గా ఆ నెలలోనే ఇఫ్తార్ విందుల వల్ల వంటశాలలో పని రెట్టింపవుతుంది. డ్యూటీ రోస్టర్ ఎలా వేయాలో ప్రధాన కార్యాలయం పంపిన నియమావళిలో ఉండదు, స్థానిక మనిషికే తెలుస్తుంది.

సమాధానం: లెక్కాపత్రం (హైదరాబాద్)

నేను కార్మిక, పన్ను వ్యవహారాల్లో హోటళ్లకు సలహాలు ఇస్తుంటాను. పైన రాసిన దానితో ఏకీభవిస్తూ, మానవ వనరుల విభాగాలు సాధారణంగా ఆలస్యంగా గమనించే ఒక కోణం చెబుతాను. ఉద్యోగి యజమాని ఎవరన్నది ఉద్యోగికి ఎంత ముఖ్యమో పన్ను శాఖకూ అంతే ముఖ్యం.

2025 జులై 24న సుప్రీంకోర్టు హయత్ ఇంటర్నేషనల్ సౌత్‌వెస్ట్ ఏషియా కేసులో ఇచ్చిన తీర్పును మీ ప్రాంతీయ కార్యాలయంలో అందరూ చదవాలి. అది దుబాయి కేంద్రంగా ఉన్న కంపెనీ. ఢిల్లీలోని హోటల్ యజమాని ఏషియన్ హోటల్స్‌తో 2008లో వ్యూహాత్మక పర్యవేక్షణ ఒప్పందం చేసుకుంది. తమకు భారత్‌లో కార్యాలయం లేదని, తమ ఉద్యోగులెవరూ భారత్-యూఏఈ పన్ను ఒప్పందంలోని తొమ్మిది నెలల పరిమితి దాటి ఇక్కడ ఉండలేదని వాదించింది. హోటల్ ఆవరణ నుంచే ఆ కంపెనీ వ్యాపారం సాగుతోందని, జనరల్ మేనేజర్ వంటి కీలక నియామకాల మీదా సిబ్బంది విధానాల మీదా దానికి లోతైన అదుపు ఉందని, ఒక్కొక్క వ్యక్తి ఎన్ని రోజులు ఉన్నాడన్నది కాకుండా అందరి రాకపోకలనూ కలిపి చూడాలని న్యాయస్థానం భావించింది. దాంతో ఆ కంపెనీకి భారత్‌లో స్థిరమైన వ్యాపార స్థావరం ఉన్నట్టేనని, ఆ మేరకు ఇక్కడ పన్ను పడుతుందని తేల్చింది. అంటే మనం మామూలుగా రాసుకునే నియామక అధికారం, పర్యవేక్షణ పర్యటనలు, ఒకరి తరవాత ఒకరుగా వచ్చే శిక్షకులు, ఇవన్నీ పన్ను వివాదంలో సాక్ష్యాలుగా మారతాయి. ప్రాంతీయ కార్యాలయం నుంచి ఎవరు, ఎందుకు, ఎవరి ఆదేశం మీద వచ్చారో రాతపూర్వకంగా ఉంచుకోవడం ఇక మీ విభాగం పనే.

డిప్యుటేషన్ మీద మనుషులను పంపే విషయంలో 2022 మే నెలలో నార్తర్న్ ఆపరేటింగ్ సిస్టమ్స్ కేసులో వచ్చిన తీర్పు కూడా అవసరమే. అది హోటల్ కేసు కాదు. విదేశీ గ్రూపు కంపెనీ నుంచి వచ్చినవారు ఇక్కడ పనిచేస్తున్నా, వారి అసలు ఉద్యోగ బంధం అక్కడే ఉంటే, దాన్ని మానవ వనరుల సరఫరా సేవగా భావించి పన్ను వేయవచ్చని ఆ తీర్పు సారం. ఒక చైన్ విదేశీ వంట నిపుణుడిని మీ హోటల్‌కు పంపి అతని జీతం ఖర్చును మీ యజమాని నుంచి వసూలు చేసుకుంటే ఈ ప్రశ్న తప్పక వస్తుంది.

అమెరికా వెళ్లాలనుకునేవారికి మరో జాగ్రత్త. ఒకే సంస్థలో బదిలీ అయ్యేవారికి ఇచ్చే ఎల్-1 వీసాకు, అంతకుముందు మూడేళ్లలో కనీసం ఏడాది పాటు అమెరికా కంపెనీతో యాజమాన్య బంధం ఉన్న సంస్థలో పనిచేసి ఉండాలి. మీ విశాఖ యజమాని కంపెనీకి అమెరికాలోని హోటల్‌తో అటువంటి బంధం ఉండదు కాబట్టి, అదే బ్రాండ్ యూనిఫాం వేసుకుని పదేళ్లు పనిచేసినా ఈ దారి తెరుచుకోదు. హోటల్ రంగంలో శిక్షణార్థులకు ఇచ్చే జె-1 వీసా ఏడాదితో ముగుస్తుంది. క్యాంపస్ నియామకాలప్పుడు ప్రపంచమంతా మన హోటళ్లే అని చెప్పే అధికారులు ఈ సంగతి కూడా చెబితే పిల్లలు తమ నిర్ణయాలు తెలిసి తీసుకుంటారు.

సమాధానం: జగిత్యాల వాసి

నేను కార్యాలయంలో పనిచేసినవాడిని కాదు. దోహాలోని ఒక పెద్ద హోటల్‌లో హౌస్‌కీపింగ్‌లో రూమ్ అటెండెంట్‌గా చేరి, సూపర్‌వైజర్‌గా తిరిగి వచ్చాను. మీరంతా కాగితాల గురించి రాశారు కాబట్టి, ఆ కాగితాలు మా వరకు ఎలా చేరతాయో రాస్తాను.

మా జిల్లాల నుంచి వెళ్లేవారిలో చాలామంది ఏజెంట్ ద్వారా వెళ్తారు. మన చట్టం ప్రకారం రిజిస్టరు చేసుకున్న ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఈ పరిమితి గురించి పట్టింపు ఉండదు. హోటల్ చైన్ తన నియమావళిలో ఉద్యోగి దగ్గర పైసా తీసుకోకూడదని రాసుకున్నా, అప్పు చేసి ఏజెంటుకు కట్టి వచ్చిన సంగతి అక్కడి మానవ వనరుల వారికి మేము చెప్పము, ఎందుకంటే చెబితే వెనక్కి పంపుతారేమోనని భయం. చేరిన మొదటి వారంలోనే, ఎంత కట్టారో చెప్పండి, మీ ఉద్యోగానికి ఏమీ కాదు అని మా భాషలో అడిగే మనిషి ఒకరు ఉంటే నిజం బయటికి వస్తుంది. అడిగి ఊరుకోకుండా ఆ డబ్బు తిరిగి ఇప్పించాలి కూడా. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నియమించుకోమని మీరు మీ గల్ఫ్ హోటళ్లకు గట్టిగా చెప్పగలిగితే మా పిల్లలకు అంతకంటే మేలు లేదు.

ఫిర్యాదుల సంగతి కూడా చెప్పాలి. మా వసతి గృహం గోడ మీద పెద్ద పోస్టర్ ఉండేది, అందులో ప్రపంచవ్యాప్త ఫిర్యాదుల నంబరు ఉండేది. ఆ నంబరుకు చేస్తే ఇంగ్లీషులో మాట్లాడేవారు ఎత్తుతారు. రోజంతా గదులు శుభ్రం చేసి వచ్చి, సూపర్‌వైజర్ అవమానించాడని పరాయి భాషలో ఎవరు వివరించగలరు? ఆ నంబరుకు మా అంతస్తులో ఎవరూ ఫోన్ చేయలేదు. ఫిర్యాదులు రాలేదు కాబట్టి అంతా బాగుందని కార్యాలయం అనుకుని ఉంటుంది.

కతార్‌లో 2020లో చట్టం మారి, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం లేకుండానే వేరే ఉద్యోగంలో చేరే వీలు వచ్చింది. 2021 మార్చి నుంచి అందరికీ కనీస వేతనం కూడా పెట్టారు. మూల వేతనం 1,000 రియాళ్లు, యజమాని వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300. చట్టం వచ్చిన తరవాత కూడా పాత యజమానులు అడ్డుపడిన సంఘటనలు విన్నాను. అయినా మా హోటల్‌లో మార్పు కనిపించింది. మనిషి వెళ్లిపోగలడని తెలిసిన తరవాత వసతి గదుల్లో ఏసీలు బాగుచేయించారు, రోస్టర్‌ను ముందురోజు రాత్రి కాకుండా వారం ముందే ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు సెలవు ఎప్పుడో చెప్పగలగడం ఎంత పెద్ద సంగతో బయటివారికి తెలియదు.

మాల్దీవులకు పంపేవారికి ఒక మాట. అక్కడ చట్టప్రకారమే సర్వీస్ చార్జి వసూలు చేసి సిబ్బందికి పంచాలి. నా స్నేహితులు అక్కడ పనిచేస్తున్నారు. సీజన్‌లో కొన్ని నెలలు అది మూల వేతనాన్ని మించుతుంది, వానాకాలంలో బాగా తగ్గుతుంది. వెళ్లేవారికి సీజన్ నెల లెక్క మాత్రమే చూపించి ఆశ పెట్టవద్దు.

ప్రశ్న కొనసాగింపు: సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. జగిత్యాల మిత్రులు రాసిన ఫిర్యాదుల నంబరు విషయం చదివాక మా హోటల్‌లోనే విచారించాను. మా హౌస్‌కీపింగ్ సిబ్బందిలో ఎక్కువమందికి ఆ నంబరు ఉందనే తెలియదు. దీన్ని ప్రాంతీయ సమావేశంలో తప్పకుండా ప్రస్తావిస్తాను. లెక్కాపత్రం గారిని ఒక చిన్న విషయం అడగాలి. మా కొత్త రెస్టారెంట్ కోసం థాయ్‌లాండ్ నుంచి ఒక వంట నిపుణుడిని తెస్తున్నాము. ఉద్యోగ వీసాకు ఏడాదికి 16.25 లక్షల రూపాయల జీతం ఉండాలన్న నియమం అతనికి వర్తిస్తుందా?

సమాధానం: లెక్కాపత్రం (హైదరాబాద్)

తమ దేశపు వంటకాలు చేసే వంటవారికి ఆ జీతపు పరిమితి నుంచి మినహాయింపు ఉంది. అయితే అతను చేసేది నిజంగా ఆ దేశపు వంటే అయి ఉండాలి. సాధారణ చెఫ్‌గా అన్ని వంటలకూ వాడుకుంటే చిక్కు వస్తుంది. వీసా గడువు 180 రోజులు మించితే, వచ్చిన 14 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించాలి. విదేశీ ఉద్యోగులు 2008 నుంచి మన ప్రావిడెంట్ ఫండ్ పరిధిలోకి వచ్చారు, వారికి 15,000 రూపాయల వేతన పరిమితి లేకుండా మొత్తం జీతం మీద చందా కట్టాలి. కర్ణాటక హైకోర్టు 2024లో ఈ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది గాని, దాన్ని చూసుకుని మీరు కట్టడం మానవద్దు, మీ న్యాయవాదిని అడిగి నిర్ణయించండి. మినహాయింపు ఉంది కదా అని అతని జీతం మాత్రం తగ్గించకండి. ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉండే మనిషికి ఖర్చులు మనకంటే ఎక్కువ.

సమాధానం: హోటల్ పాఠం (హైదరాబాద్)

నేను హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. గల్ఫ్‌హెచ్ఆర్ గారు ఇచ్చిన వివరణ చట్టపరంగా సరైనదే గాని, ఆ వివరణతో చైన్‌ను సులభంగా వదిలిపెట్టినట్టవుతుందని నా అభ్యంతరం.

యజమాని ఒకరు, నిర్వాహకుడు ఒకరు అనే ఈ ఏర్పాటు తనంతట తాను పుట్టలేదు. చైన్లు కోరి తెచ్చుకున్నది. హిల్టన్ సంస్థ అమెరికా ప్రధాన భూభాగం దాటి 1949లో ప్యూర్టోరికోలో కరీబే హిల్టన్ తెరిచినప్పుడు భవనం కట్టించింది అక్కడి ప్రభుత్వ సంస్థ. హిల్టన్ దాన్ని లీజుకు తీసుకుని, నిర్వహణ లాభంలో మూడింట రెండు వంతులు అద్దెగా ఇచ్చింది. 1958లో తెరిచిన హవానా హిల్టన్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆ భవనానికి పెట్టుబడి పెట్టింది క్యూబా హోటల్, రెస్టారెంట్ కార్మికుల పింఛను నిధి. అంటే అక్కడ వడ్డించే కార్మికుల సొమ్ముతో కట్టిన భవనంలో విదేశీ చైన్ వ్యాపారం చేసింది. విప్లవం వచ్చాక 1960లో ఆ హోటల్‌ను జాతీయం చేశారు. పరాయి దేశంలో అద్దె బాధ్యత నెత్తిన వేసుకోవడం ఎంత ప్రమాదమో తెలిసిన చైన్లు క్రమంగా ఫీజు మాత్రమే తీసుకునే నిర్వహణ ఒప్పందాల వైపు మొగ్గాయి. మారియట్ 1993లో ఆస్తుల కంపెనీని వేరు చేసింది, ఎకోర్ 2018లో తన ఆస్తుల సంస్థలో అధిక వాటా అమ్మేసింది. భవనాల బరువుతో పాటు, చాలా దేశాల్లో సిబ్బంది బాధ్యత కూడా యజమాని వైపుకు జరిగింది.

అయితే ఉద్యోగిని ఆకర్షించే మాట మాత్రం ఇప్పటికీ చైన్‌దే. మా విద్యార్థుల దగ్గరికి వచ్చేవారు ఏ భవన యజమాని గురించీ చెప్పరు, చైన్ పేరు చెబుతారు, ప్రపంచ పటం చూపిస్తారు. ఆ మాట నమ్మి చేరినవాడికి నాలుగేళ్ల తరవాత మీ యజమాని వేరు, మాకు సంబంధం లేదు అనడం న్యాయం కాదు. యూరప్‌లో చట్టమే ఈ విషయంలో కొంత రక్షణ ఇస్తుంది. ఫ్రాన్స్‌లో వ్యాపారం చేతులు మారితే ఉద్యోగ ఒప్పందాలు పాత సర్వీసుతో సహా కొత్త యజమానికి సంక్రమిస్తాయి. పారిస్‌లోని జార్జ్ సాంక్ హోటల్‌ను 1990ల చివర కెనడా చైన్ ఫోర్ సీజన్స్ తన నిర్వహణలోకి తీసుకున్నప్పుడు, తన పద్ధతులను ఫ్రెంచ్ కార్మిక చట్టానికీ అక్కడి సంఘాలకూ లోబడి అమలు చేసుకోవలసి వచ్చింది. దేశం మారే ఉద్యోగికి అటువంటి చట్టం ఏదీ లేదు కాబట్టి ఆ లోటు పూడ్చే బాధ్యత చైన్ తీసుకోవాలి.

ఎలాగంటే, యజమానులతో చేసుకునే నిర్వహణ ఒప్పందంలోనే ఒక నిబంధన పెట్టవచ్చు. అదే బ్రాండ్‌లోని మరో హోటల్ నుంచి వచ్చే ఉద్యోగి సర్వీసును సెలవులకూ, పదోన్నతి అర్హతకూ, ప్రొబేషన్ మినహాయింపుకూ కలపాలని అందులో రాయాలి. గ్రాట్యుటీ వంటి డబ్బు విషయాల్లో పంపే యజమాని తన కాలానికి తగిన మొత్తాన్ని చెల్లించి పంపాలి. కొందరు యజమానులు ఒప్పుకోరు. శిక్షణ ఇచ్చిన మనిషిని ఎందుకు పోగొట్టుకోవాలి, పైగా డబ్బు ఎందుకు ఇవ్వాలి అంటారు. వారి కోణంలో అది సహజమే. కానీ వారి హోటల్‌కు కూడా వేరే చోట నేర్చుకున్న మనుషులు వస్తూనే ఉంటారు. ఫీజుల గురించీ పెయింట్ రంగుల గురించీ అంత వివరంగా బేరమాడే చైన్లు ఈ ఒక్క నిబంధన కోసం పట్టుబట్టలేవని నేను నమ్మను.

సమాధానం: గల్ఫ్‌హెచ్ఆర్ (దుబాయి)

హోటల్ పాఠం గారి అభ్యంతరం నాకు నచ్చింది. చైన్ బాధ్యత గురించి నేను తక్కువ రాసిన మాట నిజమే. ఒప్పందాలు మారడానికి ఏళ్లు పడుతుంది, ఆ అబ్బాయి విమానం ఎక్కేది మాత్రం త్వరలోనే కాబట్టి సాగరతీరం గారు ఇప్పుడే చేయగల పనులు చెబుతాను.

మొదట చేరే తేదీ చూడండి. ఐదో ఏడాదిలో 240 రోజులు పూర్తిచేసిన ఉద్యోగికి ఐదేళ్లు నిండినట్టే భావించి గ్రాట్యుటీ ఇవ్వాలని మద్రాసు హైకోర్టు వంటివి గతంలో తీర్పులు ఇచ్చాయి. మీ యజమాని కంపెనీ దాన్ని పాటించడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, దుబాయి హోటల్‌ను కొన్ని నెలలు ఆగమని అడగడంలో తప్పు లేదు. వంటశాలల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొత్తవారిని చేర్చుకోవడం ఇక్కడ మామూలే, ఎందుకంటే పర్యాటకుల సీజన్ ఆ తరవాతే ఊపందుకుంటుంది. ఆగడం కుదరదంటే, నాలుగేళ్ల గ్రాట్యుటీకి సమానమైన మొత్తాన్ని ప్రత్యేక చెల్లింపుగా ఇమ్మని మీ యజమానినీ, సగం భరించమని ప్రాంతీయ కార్యాలయాన్నీ అడగండి. మీ జనరల్ మేనేజర్ సంతకంతో అడిగితే ఫలితం ఉంటుంది.

తరవాత మీ హోటల్, దుబాయి హోటల్, ప్రాంతీయ కార్యాలయం ముగ్గురూ సంతకం చేసే ఒక లేఖ తయారుచేయండి. అతను విశాఖలో చేరిన తేదీ, హోదా, నేర్చుకున్న విభాగాలు, ప్రొబేషన్ లేదన్న సంగతి, పదోన్నతికి పాత సర్వీసు లెక్కలోకి వస్తుందన్న సంగతి, ఉద్యోగం కుదరకపోతే తిరుగు టికెట్ ఎవరిస్తారన్న సంగతి అందులో ఉండాలి. దుబాయి కాంట్రాక్టులోని అంకెలూ ఆఫర్ లెటర్‌లోని అంకెలూ ఒకటేనా అని అతని చేత పక్కపక్కన పెట్టి చదివించండి. ఇక్కడి కార్మిక శాఖ 2016 నుంచి ఆఫర్ లెటర్‌ను ఉద్యోగికి అర్థమయ్యే భాషలో కూడా ఇవ్వాలని నియమం పెట్టింది. అప్పుడు ప్రకటించిన భాషల్లో హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి గాని తెలుగు లేదు. కాబట్టి తెలుగు అనువాదం మీరే చేసి ఇవ్వండి, అతని ఇంట్లోవాళ్లు కూడా చదువుకుంటారు.

దుబాయి హోటల్ ప్రొబేషన్ తీసివేయడానికి ఒప్పుకోకపోతే వారు చెప్పిన కారణం ఇక్కడ రాయండి. అక్కడి అధికారితో మాట్లాడేటప్పుడు ఏ నిబంధన చూపించాలో నేను చెబుతాను.